గుడ్డ తీసి తాగిన నీళ్ళు

చేతిలో చెంబు చేతిలోనే ఉండిపాయె. ఎండన పడి వచ్చిన పిల్ల, మొగమంతా కందిపోయి, భుజానికి బరువు సంచి, చేతిలో కట్టెకు కట్టిన సన్నని వల పట్టుకోని మా అరుగు కాడ నిలబడింది. మా ఊరి పాత బాయి యాడుండాదో అడగను వచ్చింది. ఎవురైనా గడప ముందర నిలబడితే ముందు నీళ్ళు, ఆమైన మాట. అది మా అమ్మ నేర్పిన పద్ధతి. చెంబు తోమి, బానలో నీళ్ళు ముంచుకోని వచ్చి ఇస్తి. ఆ పిల్ల చెంబుకల్ల చూసి, నాకల్ల చూసి, "వద్దవ్వా, నా దగ్గర ఉన్నాయి" అని సంచిలోంచి సీసా తీసి గటగటా తాగింది. నాకు పానం సివుక్కుమనింది. మా నీళ్ళకేమి రోగం వచ్చిందమ్మా అని నోటి దాకా వచ్చిన మాటను మింగుకున్యా. మింగుకున్యాక తెలిసింది, ఆ మాట నాది కాదు, మా నాయనది. ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చిననాడు నేను పక్కనే ఉన్యా, కొత్త పెండ్లికూతుర్ని.

"ఏం పనమ్మా నీది?" అంటి. "చెరువుల్లో, వాగుల్లో, బావుల్లో నీళ్ళు ఎట్లున్నాయో చూసే ఉద్యోగమవ్వా. నీళ్ళల్లో ఏమేమి పురుగులు బతుకుతున్నాయో చూస్తే ఆ నీళ్ళ సంగతి తెలిసిపోతుంది" అనింది. నేను చెంబు కింద పెట్టి అరుగు మీద కూచుంటి. ఆ మాట మా ఆయన మాట. ఆయన పోయి ఎన్నేండ్లాయె, మల్ల ఇప్పుడు మా గడప ముందర ఆడపిల్ల నోట్లోంచి ఊడిపడింది. ఆ పిల్ల బాయి పక్క పోయింది, నేను ఆడనే కూచోని ఇవన్నీ తలుచుకుంటి. నాకు చదువు రాదు, పేరు రాయను మాత్రం మా ఆయన నేర్పిచ్చినాడు. అందుకే నోటితో చెప్తాండా, మనవరాలు రాసుకుంటాండాది.

మా ఊరు జమ్మలమడుగు అవతల, గండికోట కొండలు నీలంగా కనపడే పక్క. పెన్న పేరు చెప్పుకోను దగ్గరే గానీ మా గడపకు పెన్న నీళ్ళు ఎప్పుడూ రాలా. ఊరంతటికీ తాగే నీళ్ళు ఒకటే బాయి, మా నాయన వాళ్ల జేజినాయన, అంటే తాత, తవ్విచ్చిన దిగుడుబాయి. నల్లబండల మెట్లు, పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. ఎండలు ముదిరి నీళ్ళు కిందికి దిగేకొద్దీ మేమూ కిందికి దిగుతాంటిమి. పైన నిప్పులు చెరిగినా లోపల సల్లగా ఉంటాండె. తడిబండ వాసన, పాచి వాసన, గోడ సందుల్లో పావురాల రెట్ట వాసన, అన్నీ కలిసి ఒక వాసన. ఆ వాసన తగిల్తే ఇంటికి వచ్చినట్టే ఉండేది నాకు. ఆడోల్లు చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి, పిక్కల దాకా నీళ్ళల్లో దిగి, కడవ అడుగుతో పాచిని అటు ఇటు తోసి ముంచుకుంటాండ్రి. పేటలో ఉండే కిరస్తానమోల్లు మెట్లు దిగకూడదు. గట్టు మీద కడవలు పెట్టుకోని, ఎవురికి దయ పుడితే వాళ్లు పోసేదాకా కూచోవాల. అప్పుడు అదేమని అడిగినోల్లు లేరు.

మా నాయన తెల్లారక ముందే బాయి కాడికి పోతాండె. దోసిట్లో నీళ్ళు తీసుకోని తూర్పుకు మూడు మార్లు వదిలి, నాలుగో దోసిలి తాగి, రాగి చెంబుతో ముంచుకోని వచ్చి మా అమ్మ కడిగిపెట్టిన బానలో పోస్తాండె. ఆ చెంబెడు నీళ్ళు పడినాకనే మా ఇంట్లో పొయ్యి రాజుకునేది. సంగటికి ఎసురు ఆ నీళ్ళే, దప్పికకు ఆ నీళ్ళే. "బాయి సల్లగుంటే ఊరు సల్లగుంటాది" అనేటోడు. ఊర్లో ఎవురింటికి చుట్టం వచ్చినా "మా పెద్దాయన బాయి నీళ్ళు తాగి చూడు, తేట కొబ్బరినీళ్ళు" అని చెప్పుకుంటాండ్రి. ఆ మాట చెవిన పడితే మా నాయన మీసం కదిలేది, నవ్వేటోడు కాదు.

ఇంకొక సంగతిలో కూడా మా నాయనది పెద్ద పేరు. నారికురుపు. ఇప్పుటి పిల్లోల్లకు ఆ పేరు కూడా తెలీదు. ఎండాకాలం అయిపోయి, ఇంక వాన పడితే ఇత్తనం ఎయ్యాలనే పొద్దుకు సరిగ్గా వచ్చేది. ముందర కాలి మీద దద్దు లేస్తాది, నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ పగిల్తే లోపల తెల్లగా దారం కొస కనపడతాది. అది దారం కాదు, పురుగు. కాలంత పొడుగుంటాది. కాడి కట్టాల్సిన మగోల్లు నులక మంచాల మీద కాళ్లు చాపుకోని పడుకుంటాండ్రి, వాన వచ్చి పోతాండె, చేను బీడు పడతాండె. అట్లాంటోల్లను బండ్లలో ఎక్కిచ్చుకోని మా అరుగు మీదికి తెస్తాండ్రి. మా నాయన ముందర చెప్పే మందు ఒకటే: "పో నాయనా, పోయి బాయిలో కాలు పెట్టుకోని కూచో. మంట సల్లారుతాది, పురుగు తల బయటికి పెడతాది." వాళ్లు పోయి కింద మెట్టు మీద కూచోని నీళ్ళల్లో కాలు పెట్టుకుంటాండ్రి. ఎంత సుఖమో వాళ్ల మొగం చూస్తే తెలిసేది. ఆమైన మా నాయన చీపురుపుల్ల తీసుకోని, పురుగు తలను దానికి తగిలిచ్చి, ఒక చుట్టు, ఇంకొక చుట్టు, అంతే. పుల్లను కాలికే కట్టేసి, ఆముదం రాసిన ఆకు కప్పేటోడు. రేపు మల్ల ఒకటి రెండు చుట్లు. "పురుగుకు తెలీకుండా లాగాల" అనేటోడు. తొందరపడితే తెగతాది, తెగితే లోపలే కుళ్ళి కాలు చెడతాది. మా నాయన చేతిలో ఎప్పుడూ తెగలా. ఎవురి దగ్గరా చేటెడు కొర్రలు కూడా తీసుకోలా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కాలంలో నాకు పెండ్లాయె. సర్కారు ఉద్యోగం అల్లుడని మా నాయన ఎగిరి గంతేసినాడు, ఏం ఉద్యోగమో సరిగ్గా అడగలా. కర్నూల్లో అప్పుడు ఆఫీసులకు ఇండ్లు సాలక గుడారాలు ఎయ్యించినారు. మా ఆయన ఆఫీసు కూడా ఒక గుడారంలోనే. పని చూస్తే ఊరూరూ తిరిగి బాయిల్లో, కుంటల్లో నీళ్ళు పట్టుకొచ్చేది. తుంగభద్ర ఒడ్డున మేము బాడిగకు ఉన్న అర్ర నిండా సీసాలే. ఊరగాయ జాడీల పక్కన మందు నీళ్ళల్లో ముంచిన పురుగుల సీసాలు. ఆ మందు వాసన ముక్కులో గుచ్చుకుంటాది, కండ్లల్లో నీళ్ళు తెప్పిస్తాది. పెండ్లయిన కొత్తలో సంగటి కూడా ఆ వాసనే కొడుతుందని ఏడ్చినా. ఇత్తడి వలయానికి కుట్టిన పట్టుగుడ్డ వల ఒకటి ఉండేది ఆయనకు. దాన్ని ఉతికేది నా పని. పిండకూడదు, బండకేసి కొట్టకూడదు, గోరువెచ్చని నీళ్ళల్లో జాడిచ్చి నీడన ఆరెయ్యాల. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు చేస్తాంటి.

ఒకనాడు గ్లాసులో బాయి నీళ్ళు పోసి ఎండకు ఎత్తి పట్టినాడు.

"ఏమే, బాయిలో ఏముంటాది?"

"నీళ్ళుంటాయి, ఇంకేముంటాది?"

"ఒకూరు ఉంటాదే లోపల. కప్ప, నత్త, చాప, పాచి, కంటికి ఆననివి ఇంకెన్నో. ఎవురెవురు కాపరముండారో చూస్తే ఆ నీళ్ళు మంచియ్యో చెడ్డయ్యో చెప్పొచ్చు."

"మనింటి పక్కన కాపరమున్నోల్లను చూసి కూడా చెప్పొచ్చులే" అంటి. పక్కింటామె గోడకవతలే ఉండాది, ఆయన నా నోరు మూసినాడు. ఇద్దరమూ నవ్వుకుంటిమి.

ఆనాడే చూపిచ్చినాడు. గ్లాసులో ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు, ఒక్కొక్కటీ ఉలిక్కిపడినట్టు ఎగురుతాండె. నారికురుపు పిల్లలు నీళ్ళల్లో పడితే ఈ ఎగిరే పురుగు మింగుతాదంట, దాన్ని మనం నీళ్ళతో మింగుతామంట, ఏడాది తిరిగేపాటికి మన కాల్లో పెరిగి బయటికొస్తాదంట. "మరి ఏం చెయ్యాల?" అంటే "మడతేసిన గుడ్డలో వడగడితే సాలు. మెట్లు తీసేసి, కాళ్లు నీళ్ళల్లో పడకుండా చేస్తే ఇంకా మేలు" అన్యాడు. మెట్లు అనేపాటికి మా ఊరి నల్లబండల మెట్లు కండ్ల ముందర నిలబడె. ఆయనకు మా ఊరి బాయి సంగతి ఇంకా తెలీదు.

ఉగాది పోయినాక, ఎండలు ముదిరినాక, కొత్తల్లుడిని పిలుచుకోని రమ్మని మా నాయన రైలు టేషనుకు బండి పంపిచ్చినాడు. పోయేపాటికి మా చెల్లెలు నాగి పంచలో మంచం మీద ఉండాది. దానికి అప్పుడు రెండు జడలేసుకునే ఈడు. పోయినేడు కుడికాలు, ఈ ఏడు ఎడంకాలు. చీలమండ కాడ చీపురుపుల్ల కట్టుకోని, "రా బావా రా, నేను లేసి రాలేను, నువ్వే వచ్చి కనపడు" అనింది. మా నాయన రాగి చెంబుతో నీళ్ళు తానే తెచ్చినాడు. అల్లుడి కాళ్ల మీద తానే పోసినాడు. ఇంకొక చెంబు తాగను ఇచ్చినాడు. మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, లోటా మూతికి కప్పి, నీళ్ళు దాని మీద వంచినాడు. కావాలని చేసింది కాదు. పని మీద పోయిన ఊర్లల్లో అన్నీ అట్లనే తాగుతాండె, చెయ్యి దానంతట అదే పోయింది. మా పక్క పగోడింట్లో కూడా నీళ్ళు చూడకుండా తాగుతారు. ఇచ్చిన నీళ్ళకు గుడ్డ అడ్డం పెడితే ఆ ఇంటిని నమ్మనట్టు, విషం పెడతారని అనుమానపడినట్టు.

"ఏం బావా, మా నీళ్ళల్లో ముల్లు ఉండాదనుకుంటివా?" అని నాగి నవ్వింది. ఇంకెవురూ నవ్వలా. మా అమ్మ గబగబా వచ్చి, "ఎండన పడి వచ్చినాడు, నలక పడిందేమో" అని సర్దింది. మా నాయన ఖాళీ చెంబు తీసుకోని లోపలికి పాయె.

తెల్లారి మా ఆయన వల తీసుకోని బాయికి పోతే నేనూ కడవ తీసుకోని ఎనకాలే పోతి. ఆడోల్లు చూసి కిసకిస నవ్విరి. "ఏమ్మే, మీ ఆయన చాపలు పడతాండాడా? మసాలా నూరుకో పో" అనింది ఒకామె. కింద మెట్టు మీద నాగి కూచోని ఉండాది, మా అమ్మ ఎత్తుకొచ్చి కూచోబెట్టింది. పుల్ల కట్టిన కాలు నీళ్ళల్లో. మా ఆయన దాని పక్కన నిలబడి ఆ కాలికల్ల చూసినాడు. కాలి చుట్టూరా నీళ్ళల్లో పలచటి మజ్జిగ పోసినట్టు తెల్లగా కలుస్తాండె. ఆ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఒకామె కడవ ముంచుకుంటాండాది. ఆయన వల నీళ్ళల్లో ఎయ్యను కూడా మర్చిపాయె. గ్లాసుతో ఆ తెల్లనీళ్ళు ముంచి ఎండకు పట్టి శానాసేపు చూసినాడు.

"ఏం బావా, దయ్యాన్ని పట్టినావా?"

"పట్టినా నాగీ. నీ కాల్లోనుంచే దిగింది."

"అట్లయితే సీసాలో బిగించి కర్నూలుకు ఎత్తుకోని పో, ఈడ మల్ల ఇడువొద్దు."

ఆయన దాని తల నిమిరినాడు. పైకి వచ్చినాక గొడ్ల కొట్టం కాడ నాతో అన్యాడు: "మీ నాయన మంట తగ్గాలని పంపిస్తాండాడు. ఆ మంట తగ్గేదానితోనే పిల్లలు దిగుతాండాయి. తీసేదీ ఆయన చెయ్యే, మల్ల పోసేదీ ఆయన చెయ్యే. ఎట్ల చెప్పాల నేను?" చెప్పకపోతే నాగి ఏడాదికొక కాలు ఈడ్చుకుంటాది. చెప్తే మా నాయన ఏమైపోతాడో.

చెప్పినాడు. అరుగు మీద కాళ్లకు పుల్లలు కట్టుకున్నోల్లు కూచోని ఉన్నప్పుడే, మా నాయన ఒకని కాలికి ఆముదం రాస్తాంటే, పక్కన గొంతుక్కూచోని మెల్లగా చెప్పినాడు. పక్కకు పిలిచి చెప్పింటే బాగుండె. మా ఆయనకు నీళ్ళల్లో పురుగులు తెలిసినట్టు మనుషులు తెలీదు.

"మామా, ఈ పురుగు నీళ్ళల్లోంచే వస్తాండాది. బాయిలో కాళ్లు పెట్టనీయొద్దు. ఆ మెట్లు తీసేస్తే..."

"మా నీళ్ళకేమప్పా రోగం?"

"నీళ్ళది కాదు మామా, అందులో..."

"వేడి చేసి వస్తాది ఇది. మా తాతల కాడినుంచి చూస్తాండా. బాయిలో దిగితే వస్తాదంటావే, పేటోల్లు ఎప్పుడన్నా దిగినారా ఆ మెట్లు? వాళ్లకు రాలేదా?"

"అదే మామా నేను చెప్పేది. వాళ్లు దిగలేదు, తాగినారు. మీరు ముంచి పోసిన నీళ్ళే కదా వాళ్లు తాగింది."

అరుగు మీదోల్లు ఒకరికల్ల ఒకరు చూసుకునిరి. ఒకడు కాలు మెల్లగా ఎనక్కి తీసుకున్యాడు, మా నాయన చేతిలోంచి. అది చూసినాక మా నాయన మొగం నల్లబడింది. లేసి లోపలికి పోయి రాగి చెంబు నిండా నీళ్ళు తెచ్చి మా ఆయన ముందర పెట్టినాడు.

"ఇంతమందికి తీసిన చేత్తో నేనే పోస్తాండానా? సరే అల్లుడా. గుడ్డ తీసి తాగు. తాగితే ఈ ఇల్లు నీది. తాగకుంటే బండి కట్టిస్తా, నువ్వూ నీ పెండ్లామూ పోండి, మల్ల ఈ గడప తొక్కొద్దు."

మా అమ్మ "ఏమయ్యా, ఏమి మాటలయ్యా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. నాగి మంచంలోంచి "తాగొద్దు బావా" అని అరిచింది. దానికి ఎట్ల తెలిసిందో, చిన్నపిల్లకు. మా ఆయన నాకల్ల చూసినాడు. నా మొగంలో ఏమి కనపడిందో నాకు తెలీదు, అద్దం లేదు కదా. భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చినాడు. రెండు చేతులా చెంబెత్తి, మధ్యలో దించకుండా, మొత్తం తాగినాడు. మూతి తుడుచుకోని, "తేటగా ఉండాయి మామా" అన్యాడు. ఉన్నన్నాళ్లూ ఆ నీళ్ళే తాగినాడు. మా నాయన మల్ల మామూలు మనిషై అల్లుడికి కోడిని కోయిచ్చినాడు.

కర్నూలుకు వచ్చినాక ఆ మాట ఎత్తలా ఇద్దరమూ. మడత గుడ్డ కట్టకుండా మా ఇంట్లో చుక్క నీళ్ళు తాగలా. నేను మాత్రం దినామూ ఆయన కాళ్లకల్ల చూస్తాంటి. కసువు ఊడుస్తా చూస్తాంటి, అన్నం పెడతా చూస్తాంటి. వానలు పాయె, చలి పాయె, మర్చిపోదామనుకునేపాటికి మల్ల ఎండలు వచ్చె. ఒకనాడు గుడారం నుంచి కుంటుకుంటా వచ్చినాడు. మోకాలి కింద దద్దు. నేను చూసి నోట్లో కొంగు కుక్కుకుంటే, ఆయన నవ్వినాడు: "మీ ఊరు వచ్చిందే మనింటికి."

పెద్దాసుపత్రికి పోదామంటి. వద్దన్యాడు. "తీసేది మీ నాయనే. పదా." బండిలో ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకోని పోతి. మా నాయన అరుగు దిగి వచ్చి ఆ కాలు చూసి ఆగిపాయె.

"యాడన్నా ఊర్లు తిరిగేటప్పుడు తాగింటావప్పా."

"గుడ్డ లేకుండా నేను తాగింది ఒక్క తావునే మామా."

మా నాయన అలవాటు చొప్పున బాయి పక్క చెయ్యి చూపిచ్చి, మల్ల ఆ చెయ్యి దించుకున్యాడు. "బాన తెప్పియ్యి మామా, బాయి వద్దు" అన్యాడు మా ఆయన. బానలో నీళ్ళు పోసి కాలు పెట్టినాడు. మజ్జిగ మాదిరి తెలుపు దిగింది. ఆ నీళ్ళు గ్లాసులో ముంచి, సంచిలోంచి భూతద్దం తీసి మా నాయన చేతికిచ్చినాడు. మా నాయన ఎండకు పట్టి చూసినాడు. తెంపిన దారం ముక్కల మాదిరి, కంటికి ఆనీ ఆననట్టు, మెలికలు తిరుగుతాండె.

"ఇవి... నాగి బాయిలో కాలు పెట్టినప్పుడు..."

"ఊ."

"నేను పంపిచ్చినోల్లందరూ..."

"నీకు తెలీదు కదా మామా."

మా నాయన గ్లాసు కింద పెట్టినాడు. ఆ బాన నీళ్ళను దిబ్బలో గుంత తవ్వి తానే పోసి మన్ను కప్పినాడు. దినామూ పొద్దున్నే వచ్చి అల్లుడి కాలు ముందర కూచోని ఒక చుట్టు చుట్టేటోడు. మునుపు ఆ పని చేసేటప్పుడు ఊర్లో మాటలన్నీ చెప్తా నవ్విస్తాండె, మంట తెలీకుండా. ఇప్పుడు తల వంచుకోని పుల్లకల్లే చూస్తాండె. ఆయన చేతిని నేను చిన్నప్పటినుంచి చూసినా, రాయి మాదిరి నిలబడే చెయ్యి. అది వణుకుతాండె. నాగి కూడా చూసింది. "నాయనా, నేను చుట్టనా?" అనింది. "పోమ్మే" అన్యాడు. ఇంక కొంచెమే ఉండాదనంగా తెగింది. సప్పుడు లేదు, ఏమీ లేదు. పుల్లతో పాటు తెల్లటి కొస చేతిలోకి వచ్చింది, మిగతాది లోపలికి పాయె. మా నాయన ఆ పుల్లను పట్టుకోని అట్లనే ఉండిపాయె. మా ఆయన, "పోనీ మామా" అన్యాడు. అప్పుడే కాలు కాగుతాండె.

జ్వరంలో ఆయన కండ్లు తెరవలేకుండా ఉన్నప్పుడు, ఒక పొద్దున బాయి పక్కనుంచి ఇనుము బండకు తగిలే సప్పుడు వచ్చింది. పోయి చూస్తే మా నాయన గడ్డపారతో మెట్లు పెకలిస్తాండాడు. వాళ్ల జేజినాయన పరిపిచ్చిన బండలు. ఆడోల్లు కడవలు దించి చుట్టూరా చేరి తిడతాండ్రి. "ఏం పెద్దాయనా, మా నోట్లో మన్ను కొడతావా?" మా నాయన తల ఎత్తలా. "ఇన్నేండ్లూ మీ నోట్లో నేను పోసిందానికన్నా మన్నే మేలు" అన్యాడు. ఆ మాట అర్థం కాక వాళ్లు ఇంకా తిట్టిరి. శానా దినాలు ఒక్కడే పెకలిచ్చినాడు. ఆమైన ఒకరిద్దరు చెయ్యి కలిపిరి. చుట్టూరా గోడ కట్టి, గిలక పెట్టి, చేంతాడు కట్టిచ్చినాడు. దిగేది ఎవురికీ లేకుండా పాయె. పేటోల్లకు అవతల పక్క వేరే గిలక పెట్టిచ్చినాడు. వేరే పెట్టినాడే గానీ కలపలా, అంత దూరం మా నాయన మనసు కూడా పోలా. మల్ల ఎవురికీ పురుగు తీయలా ఆయన. ఎవురన్నా బండి తోలుకోని వస్తే, "నా చెయ్యి చెడింది, పోండి నాయనా" అని లోపలికి పోతాండె. తెల్లారక ముందే బాయి కాడికి పోయే అలవాటు మాత్రం ఇడవలా. పోయి గోడ పట్టుకోని లోపలికి చూసి వచ్చేటోడు.

నాగికి ఒకటి రెండేండ్లకు పురుగు రాకుండా పాయె. ఊర్లోనూ తగ్గుతా తగ్గుతా పాయె. మా ఆయన కాలు మాత్రం మోకాలి కాడ కట్టె మాదిరి బిగుసుకోని పాయె, మల్ల వంగలా. మెట్లు దిగలేడు, కుంట గట్టు ఎక్కలేడు. ఆఫీసోల్లు కుర్చీలో కూచోబెట్టిరి, ఇంకెవురో తెచ్చిన సీసాలకు చీటీలు అంటిచ్చేది. తెచ్చినోల్లను అడిగేటోడు: ఆ బాయిలో చాపలుండాయా, పాచి ఏ రంగుండాది, కప్పలు అరుస్తాండాయా అని. వాళ్లు చూసింటే కదా చెప్పను. పట్టుగుడ్డ వలను నేను ఇంటికి తెచ్చుకున్యా. ఏడాదికొక మారు జాడిచ్చి నీడన ఆరేస్తాంటి, పని లేకున్నా. ఆయన చూసేటోడు.

నన్ను తొలిచే పురుగు ఇంకొకటుండాది. ఎందుకు తాగినాడు? నా పుట్టింటి గడప తెగిపోకూడదని తాగింటే, ఆ కాలు నా నెత్తిన ఉండాది. మాటలతో మా నాయన ఇనడు, కాలు చూపిస్తే ఇంటాడని లెక్కేసుకోని తాగింటే, ఆనాడు నాకల్ల చూసిన చూపు నాకోసం కాదు. రెండిట్లో ఏది అనుకున్యా నాకు సుఖం లేదు. కాపరం చేసినన్నేండ్లూ అడిగినా. కోపంలో అడిగినా, నవ్వులో అడిగినా, ఆఖరికి మంచంలో ఉన్నప్పుడు చెయ్యి పట్టుకోని అడిగినా. ఎప్పుడూ ఒకటే మాట.

"దప్పికైందే. తాగినా."

ఈ పొద్దు బాయిలో చెత్త, ప్లాస్టిక్ కవర్లు. చేంతాడు ఎప్పుడో పాయె. అందరికీ బోరు నీళ్ళు, కుళాయి తిప్పితే వస్తాయి. కడవ మోసి నడుము పోయినోల్లం, మాకు అదే స్వర్గమనుకుంటిమి. పొద్దు వాలేటప్పుటికి ఆ పిల్ల సీసాలు నింపుకోని తిరిగి వచ్చింది. "ఏం కనపడిందమ్మా?" అంటి. "బావిలో ఏమీ బతకట్లేదవ్వా, దోమపిల్లలు తప్ప. మీ బోరు నీళ్ళు కూడా పట్టుకున్నా, పరీక్ష చేసి చెప్తాం. అంతదాకా తాగకుంటే మంచిది." వడగట్టుకోని తాగితే సరిపోదా అంటి. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "నీళ్ళల్లో కరిగిపోయి ఉంటే గుడ్డకు ఆగదవ్వా. కంటికి కనపడదు." నేను గ్లాసెత్తి ఎండకు పట్టి చూసినా. తేటగా ఉండాయి. ఏదీ ఎగరలా. మా ఆయన చూపిచ్చిన పురుగన్నా నయం, ఉన్నానని ఎగిరి చెప్పేది.

పోతా పోతా ఆ పిల్ల నా మొగంకల్ల చూసింది. పొద్దున నా చెంబు వద్దన్నది గుర్తొచ్చినట్టుండాది, మంచి పిల్ల. "అవ్వా, కొంచెం నీళ్ళు ఇస్తావా, దాహమేస్తోంది" అనింది. సంచిలో సీసా సగం నిండి ఉండేది నాకు కనపడతానే ఉండాది. నేను చెంబు తెచ్చినా. ఆ పిల్ల చెయ్యి చాపింది. ఇయ్యబోయి, వాకిట్లో కనకాంబరం చెట్టు మొదట్లో మొత్తం కుమ్మరిచ్చేస్తి.

"వద్దమ్మా. నా మొగం చూసి తాగొద్దు. అట్ల ఒకాయన తాగినాడు. నీ సీసాలోవే తాగు, నాకూ రవ్వంత పొయ్యి" అని దోసిలి పట్టినా.